మన విశాఖ ఎయిర్‌పోర్ట్ అసలు ఎవరిది? ఐఎన్‌ఎస్ డేగ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

కాకానినగర్_గౌరి

అందరికీ నమస్తే. మాది కాకానినగర్. మేడ ఎక్కితే ఎయిర్‌పోర్ట్ వైపు ఆకాశమంతా కనిపిస్తుంది. మా బాబు మూడో తరగతి, వాడికి విమానాలంటే ప్రాణం. అన్నం తింటుండగా చప్పుడు వినిపిస్తే చాలు, కంచం పట్టుకునే మెట్లెక్కి పరిగెడతాడు. ఇండిగో, ఎయిర్ ఇండియా తోకలు చూసి చెప్పేస్తాడు గానీ మిగతావాటి గురించి అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ముఖ్యంగా ఒక హెలికాప్టర్ ఉంది, దానికి పైన రెండు ఫ్యాన్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, తోక దగ్గర చిన్న ఫ్యాన్ ఉండదు. "అమ్మా, అది గిర్రున తిరిగిపోకుండా ఎలా నిలబడుతుంది?" అని వారం రోజులుగా నన్ను తినేస్తున్నాడు.

పోయిన నెల మా అత్తగారిని హైదరాబాద్ విమానం ఎక్కించడానికి వెళ్లినప్పుడు ఫోటోలు తీయకూడదు, ఇది రక్షణ శాఖ స్థలం అని రాసి ఉండటం చూశాం. నేను ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నాను, ఎయిర్‌పోర్ట్ పక్కన నేవీ వాళ్లది కూడా ఏదో ఉందనుకున్నాను తప్ప ఎయిర్‌పోర్టే వాళ్లదని నాకు తెలియదు. ఇది ఎప్పటి నుంచి ఉంది, లోపల ఏం చేస్తారు, భోగాపురంలో కొత్త ఎయిర్‌పోర్ట్ వచ్చాక ఇది మూసేస్తారా? వాడికి అర్థమయ్యేలా చెప్పాలి, కాబట్టి కాస్త వివరంగా రాయండి.

ఇంకొకటి. వచ్చే నెల మా మరిది గృహప్రవేశం, ఇల్లు మాకు నాలుగు వీధుల అవతలే. డ్రోన్‌తో వీడియో తీయిస్తానంటున్నాడు. పర్వాలేదా?

రిటైర్డ్_చీఫ్

అమ్మా, ముందు చివరి ప్రశ్నకు జవాబు. డ్రోన్ వద్దు. నేవీ స్థావరాల చుట్టూ 3 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయడం నిషేధం. కనిపిస్తే కూల్చేస్తామని నేవీ పేపర్లో ప్రకటన కూడా ఇచ్చింది. మీ కాకానినగర్ ఆ పరిధిలోకే వస్తుంది. కెమెరామన్ "ఏం కాదు మేడం, నేను చాలాసార్లు తీశాను" అంటాడు, నమ్మొద్దు. కేసు సంగతి అలా ఉంచండి, కిందికి దిగుతున్న హెలికాప్టర్ రెక్కకు ఆ వస్తువు తగిలితే లోపల నలుగురైదుగురు మనుషులు ఉంటారు. మీ మరిదికి ఈ మాట చెప్పండి.

నేను అక్కడ హెలికాప్టర్ మెయింటెనెన్స్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. బయట అందరికీ తెలిసిన విషయాలే రాస్తాను.

రన్‌వే నేవీదే. టవర్‌లో కూర్చుని "దిగు, ఎగురు" అని చెప్పేదీ నేవీ వాళ్లే. మీరు వెళ్లిన టెర్మినల్ మాత్రం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది, దాన్ని సివిల్ ఎన్‌క్లేవ్ అంటారు. మన ఇంటి పెరట్లో ఒక వాటా అద్దెకిచ్చినట్టు అనుకోండి.

ఆ నేవీ విమాన స్థావరం పేరే ఐఎన్‌ఎస్ డేగ. 1991 అక్టోబర్ 21న కమిషన్ అయింది, అంటే అధికారికంగా నేవీ సేవలో చేరింది. ఐఎన్‌ఎస్ అంటే ఓడ పేరు ముందు పెట్టేది కదా అని మీ బాబు అడుగుతాడు చూడండి. నేవీలో ఒడ్డున ఉన్న స్థావరాన్ని కూడా ఓడలాగే చూస్తారు, ఓడకు చేసినట్టే కమిషన్ చేస్తారు. గేటు దాటి ఊళ్లోకి వెళ్లడాన్ని కూడా ఒడ్డుకు వెళ్లడం అనే అంటాం, ఉన్నది ఒడ్డు మీదే అయినా సరే.

పేరు గురించి కూడా వాడికి చెప్పండి, నాకు అది చాలా ఇష్టమైన సంగతి. నేవీ ఎయిర్ స్టేషన్లకు ఎక్కువగా పక్షుల పేర్లే పెట్టారు. గోవాలో హంస, కొచ్చిలో గరుడ, ముంబైలో శిక్ర, పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) ఉత్క్రోశ్, క్యాంప్‌బెల్ బేలో బాజ్. అరక్కోణంలో ఉన్నది రాజాళి, ఉచ్చిపుళిలో ఉన్నది పరుందు, రెండూ తమిళ మాటలు. మన ఊరిదానికి మన మాట పెట్టారు, డేగ. నాతో పనిచేసిన పంజాబీ కుర్రాళ్లకు, బీహార్ కుర్రాళ్లకు దాని అర్థం చెప్పడం నాకు ప్రతి బ్యాచ్‌తోనూ ఉండే పని. కోడిపిల్లల మీదికి పైనుంచి వాలే డేగను చూపించి చెప్పేవాణ్ణి.

ఇక రెండు ఫ్యాన్ల హెలికాప్టర్. అది కమోవ్ 28, రష్యా తయారీ. మామూలు హెలికాప్టర్‌లో పైన రెక్క ఒకవైపు తిరుగుతుంటే శరీరం రెండోవైపు తిరగాలని చూస్తుంది, దాన్ని ఆపడానికే తోక దగ్గర చిన్న ఫ్యాన్ పెడతారు. కమోవ్‌లో పై ఫ్యాన్ ఒక దిక్కుకు, కింది ఫ్యాన్ దానికి ఎదురు దిక్కుకు తిరుగుతాయి. ఒకదాని తిప్పుడు రెండోదాని తిప్పుడుతో సరిపోతుంది, ఇక తోక ఫ్యాన్‌తో పని లేదు. తోక పొట్టిగా ఉండటం వల్ల ఓడ మీద చిన్న చోటులో దిగుతుంది, రెక్కలు మడిచి హ్యాంగర్‌లోకి తోసేయొచ్చు. మన రాజ్‌పుత్ తరగతి డిస్ట్రాయర్ యుద్ధనౌకల మీద వీటినే తీసుకెళ్లేవాళ్లం. 333 స్క్వాడ్రన్, అంటే విమాన దళం, వీటిదే.

దాని అసలు పని సబ్‌మెరైన్ వేట. సముద్రం మీద కొంచెం ఎత్తున గాల్లో నిలబడి, తాడు చివర కట్టిన సోనార్‌ను నీళ్లలోకి దించుతుంది, బావిలోకి బొక్కెన దించినట్టు. అక్కడి నుంచి శబ్దం పంపి తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటారు. ఏమీ లేకపోతే పైకి లాగేసి ఇంకో చోటికి వెళ్లి మళ్లీ దించుతారు. ఓడకు కూడా సోనార్ ఉంటుంది గదా, హెలికాప్టర్ ఎందుకంటే, మన బంగాళాఖాతం చాలా చిత్రమైన సముద్రం. గోదావరి, మహానది, గంగ, బ్రహ్మపుత్ర అన్నీ వచ్చి ఇందులోనే కలుస్తాయి, అందువల్ల పైపొరలో ఉప్పు తక్కువ, కింద ఎక్కువ. వేడి కూడా పొరలు పొరలుగా మారుతుంది. ఆ పొరల దగ్గర శబ్దం వంగిపోతుంది. ఓడ అడుగున ఉన్న సోనార్‌కు ఆ పొర కింద దాక్కున్నది వినిపించకపోవచ్చు. తాడుతో పొర కిందికి దించితే వినిపిస్తుంది. పైగా హెలికాప్టర్ తర్వాత ఎక్కడ దించుతుందో సబ్‌మెరైన్‌కు తెలియదు.

మీ మేడ మీద నుంచి కనిపించేవి ఇంకా ఉన్నాయి. రెక్కలు పైన ఉండి రెండు ప్రొపెల్లర్లతో గుయ్‌మని వెళ్లేది డోర్నియర్, తీరం వెంట గస్తీ తిరుగుతుంది, అది 311 స్క్వాడ్రన్. చెవులు చిల్లులు పడేలా ఉరిమి వెళ్లే చిన్న జెట్ హాక్, యుద్ధ విమానం నడపబోయే పైలట్లకు శిక్షణ ఇచ్చేది. మన దేశపు హిందుస్తాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) చేసిన ఏఎల్‌హెచ్ మార్క్ 3 అనే తేలికపాటి హెలికాప్టర్లతో 324 స్క్వాడ్రన్ 2022 జూలై 4న ఇక్కడ మొదలైంది. ఇంకా కొన్నేళ్ల క్రితం వరకు పెద్ద శరీరంతో యూహెచ్-3హెచ్ అనే హెలికాప్టర్ తిరిగేది. 2007లో ఐఎన్‌ఎస్ జలాశ్వ ఓడను అమెరికా నుంచి కొన్నప్పుడు దాంతోపాటే వచ్చాయి, ఆరు. 2024 జూన్‌లో వాటికి వీడ్కోలు చెప్పారు. 17 ఏళ్లు.

చాలా రాసేశాను. మిగతాది ఇంకెవరైనా చెప్పండి.

టెర్మినల్_డ్యూటీ

చీఫ్ గారు రన్‌వే సంగతి చెప్పారు కాబట్టి పౌర విమానాల వైపు నుంచి నేను చెబుతాను.

ఇక్కడ 1981లో ఎయిర్‌పోర్ట్ మొదలైనప్పుడు రోజుకు ఒకే ఒక్క విమానం. అప్పటి రన్‌వే 6,000 అడుగులు. పెద్ద జెట్లకు అది చాలదు. ఇప్పుడున్న 3,050 మీటర్ల రన్‌వే 2007లో వాడకంలోకి వచ్చింది, కొత్త టెర్మినల్ 2009లో తెరిచారు. మన ఊరి నుంచి ఇన్ని సర్వీసులు నడుస్తున్నాయంటే ఆ పొడవాటి రన్‌వే వల్లే.

అయితే జనం మమ్మల్ని తిట్టే విషయం ఒకటుంది, ఉదయం పూట విమానాలు ఎందుకు తక్కువ అని. నేవీ పైలట్ల శిక్షణకు, గస్తీకి కూడా అదే రన్‌వే కావాలి. ఉన్నది ఒక్కటే. హాక్ విమానం టచ్ చేసి మళ్లీ లేస్తూ పదిసార్లు తిరుగుతుంటే మధ్యలో పాసింజర్ విమానాన్ని ఇరికించలేం. అందుకే టైం స్లాట్లు పంచుతారు, వాళ్ల టైంలో మనకు దొరకదు. 2022 నవంబర్ నుంచి రన్‌వే పైపొర కొత్తగా వేయడానికి కొన్ని నెలలు రాత్రి విమానాలు కూడా ఆపేశారు, ఆ చలికాలం కౌంటర్ దగ్గర నిలబడి మేం పడ్డ టెన్షన్ మాకే తెలుసు. ఇంటర్వ్యూ పోయిందని నా ముందు ఏడ్చిన అమ్మాయి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. కానీ రన్‌వే పాడైతే ఎవరి విమానమూ దిగదు, ఆ పని చేయాల్సిందే.

భోగాపురం గురించి. అల్లూరి సీతారామరాజు పేరుతో కడుతున్న ఆ ఎయిర్‌పోర్ట్‌కు 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరోసారి శంకుస్థాపన జరిగింది. అక్కడి రన్‌వే 3.8 కిలోమీటర్లు. అది పూర్తిస్థాయిలో అందుకున్నాక పౌర విమానాలు అక్కడికి మారాలన్నది ప్రభుత్వ నిర్ణయం. కానీ డేగ మూతపడదు, మీ బాబుకు చెప్పండి. ఇండిగో తోకలు కనిపించవు గానీ కమోవ్‌లు, డోర్నియర్లు వాడి మేడ మీదుగానే తిరుగుతాయి.

వంటౌన్_మనవడు

1981 కంటే ముందు సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే ఈ ఊరికి విమానాల కథ అప్పుడే మొదలైందనుకుంటారు.

1942 ఏప్రిల్ 6, సోమవారం. జపాన్ విమానవాహక నౌక ర్యుజో నుంచి లేచిన విమానాలు మన హార్బర్ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. హార్బర్ తెరిచి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు, సింధియా షిప్‌యార్డ్‌కు పునాది వేసి ఏడాది కూడా కాలేదు. ఎదురుగా నిలబడి పోరాడే యుద్ధ విమానాలు ఇక్కడ లేవు. తీరం కాపలాకని పెట్టిన 6వ నంబర్ కోస్టల్ డిఫెన్స్ ఫ్లైట్ మాత్రం ఉండేది, పాతకాలపు రెండంతస్తుల రెక్కల విమానాలతో. జపాన్ వాళ్ల విమానాల ముందు అవి ఏ మూలకు?

మా తాతయ్య హార్బర్‌లో మూటలు మోసేవాడు, అప్పటికి పద్దెనిమిదేళ్లు. చప్పుడు విని మొదట క్వారీలో మందు పేల్చారనుకున్నాడట. సాయంత్రానికి పాతపోస్టాఫీసు వీధుల్లో తాళాలే కనిపించాయని, మా ముత్తాత ఒక ఎడ్లబండి మాట్లాడి అందరినీ చోడవరం పంపేశాడని, బియ్యం డబ్బా తెచ్చుకుని ఉప్పు మర్చిపోయారని చెప్పేవాడు. ఆ ఉప్పు మాట చెప్పకుండా ఈ కథ ఒక్కసారి కూడా ముగించలేదు. ఆ రోజు పేలకుండా మిగిలిన బాంబు బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. తాతయ్య నన్ను మొదటిసారి అక్కడికి తీసుకెళ్లినప్పుడు దాని ముందు చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డాడు.

తర్వాత 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన హార్బర్ బయటే మునిగిపోయింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ అంత దూరం నుంచి మన గుమ్మం దాకా వచ్చింది. అందుకే చీఫ్ గారు చెప్పిన ఆ సోనార్ దించే పని నాకు ఎక్కడో దూరంగా జరిగే పనిలా అనిపించదు.

ఎంవీపీ_రమేష్‌బాబు

నా ప్రశ్న ఎవరికీ కోపం తెప్పించకూడదని ముందే కోరుతున్నాను. నేవీ అంటే నాకూ గౌరవమే. కానీ ఇప్పుడు ఊరు గాజువాక దాటి అనకాపల్లి దాకా పెరిగింది. ఎన్‌ఏడీ దగ్గర ఫ్లైఓవర్ వేసినా సాయంత్రం ఆరింటికి కదలలేం. పౌర విమానాలు భోగాపురం వెళ్లిపోతే ఊరి మధ్యలో అంత స్థలం నేవీకి ఎందుకు? వాళ్లు కూడా ఊరికి దూరంగా వెళ్తే భవనాల ఎత్తు మీద ఆంక్షలు పోతాయి, రోడ్లు వేసుకోవచ్చు, చప్పుడు ఉండదు. ఇది తప్పు ఆలోచన అయితే ఎందుకు తప్పో చెప్పండి, వింటాను.

రిటైర్డ్_చీఫ్

అడగడంలో తప్పేం లేదు రమేష్ బాబూ.

ఓడ హార్బర్‌లోకి వచ్చేముందే దాని మీదున్న హెలికాప్టర్ ఎగిరి డేగకు వచ్చేస్తుంది. ఓడ బయలుదేరాక మళ్లీ వెళ్లి దాని మీద దిగుతుంది. మధ్యలో దాన్ని విప్పి, తుడిచి, ఉప్పుగాలికి తుప్పు పట్టిన చోట బాగుచేసి, మళ్లీ బిగించేది డేగ హ్యాంగర్లలోనే. అంటే తూర్పు నౌకాదళం ఓడలు ఎక్కడుంటే వాటి హెలికాప్టర్ల ఇల్లు కూడా అక్కడే ఉండాలి. డాక్‌యార్డ్ ఇక్కడ, సబ్‌మెరైన్లు ఇక్కడ, అణు సబ్‌మెరైన్ అరిహంత్ నీళ్లలోకి దిగింది ఇక్కడే, 2009 జూలై 26న. డేగ నుంచి లేస్తే కొద్ది నిమిషాల్లో సముద్రం మీద ఉంటాం. హార్బర్ నోటి దగ్గర ఏదైనా అనుమానం వస్తే ఆ కొద్ది నిమిషాలే ముఖ్యం. దాన్ని యాభై కిలోమీటర్ల అవతల పెడితే మళ్లీ మొదటి నుంచి హ్యాంగర్లు, ఆయుధాల గోడౌన్లు, ఇంధనం ట్యాంకులు, క్వార్టర్లు, అన్నీ కట్టాలి.

ట్రాఫిక్ కష్టం నాకూ తెలుసు, నేను మర్రిపాలెంలోనే ఉంటాను. దానికి దారి వేరే వెతకాలి.

ఒక మాట అందరికీ. రన్‌వే పక్కనే మేఘాద్రిగెడ్డ, మడ చెట్లు, చిత్తడి నేల. పక్షులు సహజంగానే ఎక్కువ. వాటికి తోడు చుట్టుపక్కల మనం చికెన్ వ్యర్థాలు, చెత్త పడేస్తే గద్దలు గుంపులుగా వస్తాయి. ఇంజిన్‌లోకి ఒక గద్ద వెళ్తే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. దయచేసి చెత్త బయట వేయకండి, వేసేవాళ్లను ఆపండి.

షీలానగర్_సుధ

హుద్‌హుద్ తుఫాను గురించి ఎవరూ రాయలేదేంటి!

2014 అక్టోబర్ 12, ఆదివారం. మేం అప్పుడు కూడా షీలానగర్‌లోనే. తలుపుకు బీరువా అడ్డం పెట్టి నేనూ మా అమ్మా దాని వెనక కూర్చున్నాం. కిటికీ అద్దాలు పగిలి వర్షం అడ్డంగా ఇంట్లోకి వచ్చేది. గాలి తగ్గాక బయటికి వస్తే మా వీధి ఏదో గుర్తుపట్టలేకపోయాను, చెట్టు అన్నది నిలబడి లేదు, కరెంటు స్తంభాలు వరసగా పడుకున్నాయి. ఫోన్ లేదు. అమ్మకు షుగర్, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెడతాం, ఫ్రిజ్‌కు కరెంటు లేదు. ప్రపంచంలో మేం ఉన్నామని ఎవరికైనా తెలుసా అనిపించింది.

ఆ మర్నాడు ఆకాశంలో హెలికాప్టర్ చప్పుడు వినిపించింది. ఇంతకు ముందు రోజూ వినే చప్పుడే, నిద్రపట్టడం లేదని విసుక్కునే చప్పుడే. మా అమ్మ చేతులు జోడించింది. ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ పైకప్పు లేచిపోయింది, లోపలంతా నీళ్లు, టీవీలో చూసినవాళ్లు మళ్లీ ఆరు నెలలు పడుతుందేమో అనుకున్నారు. 17వ తేదీకి పాసింజర్ విమానాలు మళ్లీ మొదలయ్యాయి. ఐదు రోజులు! లోపల పనిచేసినవాళ్ల ఇళ్లు కూడా మా ఇళ్లలాగే పడిపోయి ఉంటాయి, వాళ్లు అవి వదిలేసి రన్‌వే మీద రేకులు, కొమ్మలు ఏరడానికి వెళ్లారు.

అప్పటి నుంచి హాక్ ఎంత గట్టిగా ఉరిమినా నేను ఒక్క మాట అనలేదు.

రిటైర్డ్_చీఫ్

సుధమ్మా, నిజమే. డేగలో మా హ్యాంగర్లు కూడా దెబ్బతిన్నాయి. మా ఇంటి మీద మామిడి చెట్టు పడింది, మా ఆవిడ "నువ్వు వెళ్లు, నేను చూసుకుంటా" అంది. ఆ నాలుగు రోజులూ ఆవిడ ఒక్కతే చూసుకుంది.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు కూడా ఇక్కడి నుంచి నేవీ హెలికాప్టర్లు వెళ్లి మేడల మీద ఉన్నవాళ్లకు తిండి, నీళ్లు జారవిడిచాయి. అప్పటికి నేను రిటైరయ్యాను. టీవీ ముందు కూర్చుని కుర్రాళ్లు ఎంత ఎత్తులో నిలబెట్టారో, వైర్లకు ఎంత దగ్గరగా ఉన్నారో చూస్తూ ఒళ్లంతా చెమటలు పట్టాయి.

కాకానినగర్_గౌరి

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఇవన్నీ రెండు రోజులు కూర్చోబెట్టి బాబుకు చదివి వినిపించాను. కమోవ్ పేరు పుస్తకం మీద రాసుకున్నాడు. డ్రోన్ సంగతి మా మరిదికి చెప్పాను, మానేశాడు, మేడ మీద నుంచి మామూలు కెమెరాతోనే తీయిస్తాడట.

ఆదివారం వాణ్ణి విశాఖ మ్యూజియానికి తీసుకెళ్లి బాంబు చూపించాను. తర్వాత ఆర్‌కే బీచ్‌లో టీయూ-142 విమానం మ్యూజియంకు వెళ్లాం. అక్కడ వాడొక ప్రశ్న వేశాడు, అక్కడున్న గైడ్ చుట్టూ జనం ఎక్కువగా ఉండి అడగలేకపోయాం. ఆ విమానం ఒక్కో ఇంజిన్‌కు ప్రొపెల్లర్లు రెండేసి వరసలు ఉన్నాయి, ఒకదాని వెనక ఒకటి. "అమ్మా, ఇది కూడా కమోవ్ లాగే ఎదురెదురుగా తిరుగుతుందా?" అన్నాడు. చీఫ్ గారూ, నిజమేనా?

రిటైర్డ్_చీఫ్

నిజమే! మూడో తరగతి కుర్రాడు తనంతట తను పట్టుకున్నాడా? నా తరఫున వాడి భుజం తట్టండి అమ్మా.

అదీ రష్యాదే, టుపోలెవ్ వాళ్లు చేసింది. ముందు వరస ఒకవైపు, వెనక వరస ఎదురు వైపు తిరుగుతాయి. ఒకదాని తిప్పుడుకు రెండోది సరిపోవడం కమోవ్‌లో ఉన్నట్టే. దానికి తోడు ఇంకో లాభం ఉంది, ముందు ప్రొపెల్లర్ గాలిని సుడి తిప్పుతూ వెనక్కి తోస్తుంది, ఆ సుడిలో వృథాగా పోయే బలాన్ని వెనకది మళ్లీ పట్టుకుని ముందుకు తోయడానికి వాడుకుంటుంది.

ఆ విమానం 1988 నుంచి 29 ఏళ్లు పనిచేసింది, ఒక్క ప్రమాదం లేకుండా. అరక్కోణంలో 2017 మార్చి 29న వీడ్కోలు చెప్పారు. ఏప్రిల్‌లో దాని చివరి ప్రయాణం అక్కడి నుంచి మన డేగకే. ఇక్కడే దిగింది, ఇక్కడే భాగాలుగా విప్పి, బీచ్‌కు చేర్చి మళ్లీ బిగించారు. అది దిగిన రోజు పని వదిలి వచ్చి చూసినవాళ్లలో నేనూ ఉన్నాను. నాలుగు ఇంజిన్లు ఒక్కొక్కటీ ఆగిపోతుంటే ఆ రెండేసి వరసలు విడివిడిగా కనిపించడం మొదలైంది, ఆఖరిది ఆగేదాకా ఎవరూ కదల్లేదు.

మళ్లీ వెళ్లినప్పుడు రద్దీ లేని పూట వెళ్లండి. నాకు ముందు ఇక్కడ ఒక మెసేజ్ పెట్టండి, నేనూ వస్తాను, వాడికి దగ్గరుండి చూపిస్తాను.